ఇంటి సొగసుకై ఇంటి తాకట్టు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిన సామెత హెచ్చరికయే కాని ప్రోత్సాహము కాదు. ఈ రెండు కార్యములలోను మనుష్యుడు తన తాహతు మఱచిపోవునని వారెఱుగుదురు. పెండ్లివ్యయములను గూర్చి మన సంస్కర్తలు నూఱేండ్లకు పైగా మందలించుచు వచ్చిరి. ఇంటివ్యయమును గూర్చి మందలించువారు మనలో అరుదు. పైగా అది వివేకమనియు, బిడ్డల మేలు కొఱకనియు పొగడ్త పొందుచున్నది. ఇల్లు కొనుటకు చేయు అప్పును గూర్చి మేమిప్పుడు వాదింపము. తల దాచుకొనుటకు చోటు కావలయును గదా. మేము విమర్శింపదలచినది దాని వెంట వచ్చు రెండవ యప్పును. అనగా ఉన్న యింటిని సింగారించుటకై ఆ యింటినే తాకట్టు పెట్టి తెచ్చుకొను అప్పును.

హైదరాబాదు పడమటి భాగమున ఈ యలవాటు బాగుగ వేళ్లూనినది. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిననాడు ఆ చుట్టుపట్ల నుండినవి గుట్టలు, బండలు, చెఱువులు, పల్లెలు. నేడు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, నల్లగండ్ల, కోకాపేటలలో మేడలపై మేడలు లేచినవి. 2023 ఆగస్టులో కోకాపేట ప్రభుత్వభూముల వేలములో ఎకరము వెల నూఱు కోట్ల రూపాయలు దాటినది. ఇట్టి భూమిమీద లేచిన యింట ఒక ఫ్లాటు కొన్న ఉద్యోగి, కొనుటతోడనే తన సంపాదనలో పెద్దభాగమును ఇరువదేండ్లకు ముందుగానే వ్రాసి యిచ్చినవాడగుచున్నాడు. అంతటితో నాగిన బాగుండును. ఆగుటలేదు.

బిల్డరు చేతినుండి వచ్చిన ఫ్లాటునకు గోడలు, గచ్చు, తలుపులు, నీటి కుళాయిలు ఉన్నవి. కాపురమునకు అది చాలును. అయినను గృహప్రవేశమునకు వచ్చిన చుట్టము నలుదిక్కులు చూచి, “ఇంటీరియర్స్ ఇంకను చేయింపలేదా?” అని అడుగును. ఆ యొక్క ప్రశ్నతో గృహస్థుని నిద్ర చెడును. ఎదుటి ఫ్లాటులో ఫాల్స్ సీలింగు మఱుగున వెలుగుచున్న దీపములు, మాడ్యులర్ కిచెన్, గోడల నిండ తలుపుల బీరువాలు, టీవీ వెనుక పాలరాతిని పోలిన పలక కానవచ్చును. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్న చందమున ఆతడును అంచనా వేయించును. అంచనాకాగితము వచ్చిన వెనుక దానికి తోడుగా అప్పు కాగితము వచ్చును. ఏజెంటు ఇంటికే విచ్చేసి, “సార్, నెలకు పదునెనిమిది వేలే” అనును. ఆ ‘ఏ’ యను ఒక్క యక్షరములో నున్న మోసమును బయట పెట్టుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మేము గృహమరమ్మతులకు విరోధులము కాము. పైకప్పు కురియుచున్నప్పుడు, గోడలు చెమ్మగిల్లినప్పుడు, వృద్ధులైన తల్లిదండ్రులు జారిపడకుండ స్నానపుగదిని మార్పవలసి వచ్చినప్పుడు, పెరిగిన బిడ్డలకు ఒక గది చేర్పవలసి వచ్చినప్పుడు, చేతిలో రొక్కము లేనివారు అప్పు చేయుట తప్పు కాదు. అయితే అక్కడనైనను విచారింపవలసినది యున్నది. స్థిరాస్తి నియంత్రణకై 2016లో చేయబడిన చట్టము ప్రకారము, ఇల్లు స్వాధీనపఱచిన అయిదేండ్లలోపల కట్టడమునందు గాని పనితనమునందు గాని లోపము బయటపడి, కొన్నవారు తెలియజేసినచో, బిల్డరు ముప్పది దినములలో తన ఖర్చుమీద దానిని సరిచేయవలయును. ఈ సంగతి నెఱుగక బిల్డరు చేసిన తప్పును దిద్దుకొనుటకు తామే అప్పు చేయువారిని చూచి జాలిపడవలసి యున్నది. అవసరమునకు చేసిన అప్పు వేఱు, ఆడంబరమునకు చేసిన అప్పు వేఱు. బ్యాంకునకు ఈ భేదముతో పనిలేదు, గృహస్థునకు ఉండితీరవలయును.

ఈ యప్పు పుట్టు విధము గమనింపదగినది. బ్యాంకు తన వకీలుచేత మన దస్తావేజులను, వానికి ముందున్న లింకు దస్తావేజులను, ఏండ్ల వెనుకటి ఇ.సి.ని అక్షరమక్షరము పరీక్ష చేయించును. ఇంజినీరును పంపి ఇంటికి వెల కట్టించును. సిబిల్ స్కోరు పేర మన పూర్వపు అప్పుల చరిత్ర నంతయు తెప్పించుకొనును. జీతపు చీటీలు, పన్ను లెక్కలు, బ్యాంకు ఖాతా పుటలు చూచును. ఇంత చదివిన తరువాత గాని తన సంతకము చేయదు. మనము మాత్రము బ్యాంకు మన ముందుంచిన పత్రముల కట్టలో ఒక్క పుటయైన చదువక, పెన్సిలుతో గుఱుతు పెట్టిన చోటులనెల్ల సంతకములు చేసి, టీ త్రాగి లేచి వచ్చుచున్నాము. ఆ యరగంటలో నేమి జరిగినది? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 58వ సెక్షను ప్రకారము, అప్పునకు హామీగా నుంచు ఉద్దేశముతో హక్కు దస్తావేజులను అప్పిచ్చువాని చేతిలో నుంచుటయే తాకట్టు. సబ్ రిజిస్ట్రారు కచేరిలో దానికొక పత్రము రిజిస్టరైనచో ఇంటి ఇ.సి.లో అదియు నెక్కును. ఇల్లు కొన్ననాటి అప్పే ఇంకను తీరనివారి విషయమున ఈ పని మఱింత సులభము. దస్తావేజులు బ్యాంకులోనే యున్నవి గనుక, టాపప్ లోను అను ముద్దుపేరుతో రెండవ భారమును మొదటిదానిపై నెక్కింతురు.

ఇక లెక్క చూతము. ఇరువది లక్షల రూపాయలు నూటికి తొమ్మిది వంతున ఇరువదేండ్ల గడువుతో తెచ్చినచో నెలసరి కిస్తు సుమారు 17,995 రూపాయలు. మొదటి కిస్తులో 15,000 వడ్డీకే పోవును. అసలులో తగ్గునది మూడువేలలోపు. ఇరువదేండ్లలో కట్టు మొత్తము సుమారు 43 లక్షల 19 వేలు. అనగా వడ్డీయే 23 లక్షల పైచిలుకు. ఇంతకన్న విచారింపదగినది మఱియొకటి కలదు. పదియేండ్లు తప్పక కిస్తులు కట్టి, 21 లక్షల 59 వేలు చెల్లించిన గృహస్థునకు నాటికి మిగిలియుండు అసలు ఎంత? సుమారు 14 లక్షల 20 వేలు. ఆ పదియేండ్లలో వంటయింటి ప్లైవుడ్డు నీటికి ఉబ్బును, లామినేటు అంచులు లేచును, కీళ్లు సడలును, రంగు వెలయును, ఆనాటి వేడుకయు పాతబడును. వస్తువు పోయిన తరువాతను అప్పు బ్రతికియుండును. మనిషి తినివేసిన భోజనమునకు పదియేండ్ల తరువాత వెల కట్టుచు కూర్చుండుట వంటిది ఇది. అప్పు చేసి పప్పు కూడు అని నవ్వుకొన్న మనమే నేడు ఇల్లు తాకట్టు పెట్టి వంటయింటి తలుపులు కొనుచున్నాము.

“ఇతరమైన అప్పులకంటె ఇంటి తాకట్టు అప్పునకు వడ్డీ తక్కువ గదా” అని చదువుకొన్నవారు మమ్మడుగుదురు. నిజమే. వడ్డీరేటు చౌక, వడ్డీ ప్రియము. ఆ యిరువది లక్షలనే ఏ తాకట్టును లేకుండ నూటికి పదుమూడు వంతున అయిదేండ్లకు తెచ్చినచో కట్టవలసిన వడ్డీ మొత్తము ఏడు లక్షల 30 వేలు. తొమ్మిదివంతున ఇరువదేండ్లకు తెచ్చినచో 23 లక్షలు. రేటును చూచి సంతోషించి గడువును చూడనివాడు, బియ్యపు ధర విచారించి తూకము విచారింపని వానివంటివాడు. “అయిదేండ్ల కిస్తు నలువదియైదు వేలగును, అంత మేము కట్టలేము” అని వారందురేని, మా యుత్తరము సులభము. అయిదేండ్లలో తీర్పలేని సొగసు మీ తాహతునకు మించిన సొగసు. గడువును సాగదీయుటచేత తాహతు పెరుగదు. దానిని మించితిమన్న యెఱుక మాత్రము ఇరువదేండ్లు మఱుగుపడును.

పన్నులో మినహాయింపు వచ్చునని మఱికొందఱు తృప్తి పడుదురు. ఇదియు సగము విన్న మాటయే. ఆదాయపు పన్ను చట్టములో తాము కాపురముండు ఇంటిని కొనుటకు, కట్టుటకు చేసిన అప్పుల వడ్డీకి సంవత్సరమునకు రెండు లక్షల పరిమితి యుండగా, మరమ్మతులకు చేసిన అప్పుల వడ్డీకి నిర్ణయింపబడిన పరిమితి 30,000 రూపాయలే. క్రొత్త పన్ను పద్ధతి నెన్నుకొన్నవారికి అట్టి యింటివిషయమున ఆ కొంచెమును లేదు. పైలెక్కలో మొదటియేటి వడ్డీ లక్షయు డెబ్బదివేలు దాటును. మినహాయింపు నెపముమీద అప్పు చేయుట, రూపాయిలో కొన్ని పైసలు తిరిగి వచ్చునని రూపాయిని పాఱవేయుటయే.

ఈ వడ్డీరేటైనను నిలుకడగా నుండునా? ఉండదు. గృహఋణములలో పెక్కింటికి ఫ్లోటింగ్ వడ్డీ, అనగా ఎప్పటికప్పుడు మాఱు వడ్డీ. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2022 మేనెలకు ముందు నూటికి నాలుగుగా నుండి, 2023 ఫిబ్రవరి నాటికి ఆఱున్నఱ యయ్యెను. ఏడువంతున ఇరువదేండ్లకు ఇరువది లక్షలు తెచ్చినవాని కిస్తు సుమారు 15,506 రూపాయలు. ఆ వెంటనే రేటు తొమ్మిదిన్నఱ యైనచో నెల వడ్డీయే 15,833 అగును. కిస్తు మార్పనియెడల అది వడ్డీకే చాలదు. ఎంత కట్టినను అప్పు పెరుగుచునే పోవును. ఇట్టి యవస్థను చూచియే కాబోలు రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో, కిస్తు పెంచుకొందురో, గడువు పెంచుకొందురో ఋణగ్రహీతయే యెన్నుకొనునట్లు బ్యాంకుల నాదేశించెను. ఈ హక్కు మీకున్నదని ఏజెంటు మీతో చెప్పునని కూర్చుండకుడు. మీరే యడుగవలయును.

వడ్డీ నిలుకడ సరే, జీతము నిలుకడ యేది? 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్స్ అధిపతి తన సంస్థ లెక్కలు కల్లలని తానే యొప్పుకొని లేఖ వ్రాసినప్పుడు, ఈ నగరమున వేలకొలది కుటుంబములు రాబోవు నెల జీతమును తలచుకొని వణికినవి. ఏప్రిలులో టెక్ మహీంద్రా ఆ సంస్థను తీసికొనువఱకు వారి గుండెలు నిలువలేదు. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు రిజర్వు బ్యాంకు మార్చి నుండి ఆగస్టు వఱకు కిస్తుల వాయిదాకు అనుమతించినది. కాని కిస్తులు ఆగినను వడ్డీ ఆగలేదు. జీతము ఒక ఉత్తరముతో ఆగిపోవచ్చును. కిస్తు ఆగదు. తొంబది దినములు బాకీ నిలిచినచో ఆ అప్పు బ్యాంకు లెక్కలో నిరర్థకమగును. 2002 నాటి సర్ఫేసీ చట్టము ప్రకారము, అరువది దినముల నోటీసిచ్చి, సివిలు కోర్టులో దావా వేయకయే ఇంటిని స్వాధీనపఱచుకొని వేలము వేయుటకు బ్యాంకునకు అధికారము కలదు. వేలమువేయువాడు ఫాల్స్ సీలింగును విడిగా వేలము వేయడు. సింగారము కొఱకు చేసిన అప్పునకు పూచీ సింగారము కాదు, ఇల్లు.

ఇప్పుడు గృహిణుల విషయము. ఇంటిలో భాగము భార్యపేర నున్నచో, లేక ఆమె జీతమును చూపినచో అప్పు పెద్దది వచ్చునన్నచో, ఆమెను సహఋణగ్రహీతగా చేర్తురు. “ఇక్కడ సంతకము చేయి” అని భర్త యనును, ఆమె చేయును. గోడరంగు మొదలు గిన్నెల అర వఱకు ఆమెనడిగి నిర్ణయింతురు. వడ్డీని, గడువును మాత్రము ఆమె నడుగరు. కాని 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, వేఱుగా ఒప్పందము లేనిచో, కలిసి బాకీపడినవారిలో నెవ్వరినుండియైన బాకీ మొత్తమును రాబట్టవచ్చును. సగము సంతకమునకు సగము బాధ్యత యని యామె యనుకొనుచుండవచ్చును, చట్టము అట్లనదు. భర్త ఉద్యోగము పోయినను, దేహమే పోయినను, దాంపత్యమే చెడినను, ఆ కాగితము ఆమె తలుపు తట్టును.

ఆంధ్రప్రదేశమున 1986 నాటి చట్టముచేత ఆడుబిడ్డలకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో మగబిడ్డలతో సమానమైన భాగము లభించినది. దేశమునకంతకు అట్టి హక్కు 2005లో గాని రాలేదు. ఆస్తిలో సమానత్వమునకై తెలుగునాట అంత ముందుగా చట్టము వచ్చియుండగా, అప్పులో మాత్రము ఆడువారిని తెలియనివారిగా నుంచి భారమును సమానముగా మోపుట ఏ న్యాయము? స్త్రీవిద్య కావలెనని మన పెద్దలు పోరాడినది ఆమె సంతకము చేయుటకు మాత్రమే కాదు, సంతకము చేయుటకు ముందు చదువుటకు. ఇంజినీరింగు చదివి కంప్యూటరు ముందు లక్షల పంక్తులను సరిచూచు వనిత తన యింటి తాకట్టు పత్రమును చూడకయే సంతకము చేయుచుండగా, విద్య మనకేమి యిచ్చినట్లు? మన తాతలు వడ్డీవ్యాపారి పత్రముమీద వ్రేలిముద్ర వేసిరి. వారు చదువరాక వేసిరి. మనము చదువు వచ్చియు చదువక వేయుచున్నాము. వారిని మోసపుచ్చినది షావుకారు. మనలను మోసపుచ్చునది మన తొందర.

“ఆ పత్రములు కఠినమైన ఇంగ్లీషులో నుండును, ఎవ్వరికి బోధపడును?” అందురు. ఈ మాటకు నేడు తావు లేదు. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిలులో జారీచేసి, అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి అమలుపఱచిన ఆదేశము ననుసరించి, బ్యాంకు ప్రతి గృహస్థునకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంటు, అనగా ముఖ్యాంశముల పత్రము, ఈయవలయును. అందులో వడ్డీయే కాక ఫీజులు మొదలగు ఖర్చులన్నియు కలిపిన వార్షిక వ్యయపు రేటు ఉండవలయును. అందు చూపని రుసుమును ఋణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేక వసూలు చేయరాదు. ఆ పత్రము ఋణగ్రహీతకు తెలిసిన భాషలో నుండవలయును. దానిని వివరించి చెప్పి, అర్థమైనదని ఒప్పుదల తీసికొనవలయును. ఆలోచించుకొనుటకు కనీసము మూడు పనిదినముల వ్యవధి యుండవలయును. అమెరికాలో సొంత కాపురపు ఇంటిని పూచీగా పెట్టి ఇట్టి రెండవ యప్పు చేసినవారికి, సంతకము చేసిన వెనుక సైతము మూడు పనిదినములలో రద్దు చేసికొను హక్కు 1968 నాటి చట్టమువలన కలదు. అచ్చట స్థిరపడిన మనవారు దానిని బాగుగ నెఱుగుదురు. ఇచ్చటివారికి సంతకమునకు ముందు దొరికిన మూడు దినములనైనను మనము వాడుకొనవలదా?

తెలుగులో ఆ పత్రము కావలెనని బ్యాంకులో నడిగినవారెందఱు? అడుగుట నామోషీ యని మనవారి తలంపు. ఇంగ్లీషు రానివారని గుమాస్తా యనుకొనునేమో యని భయము. ఆ భయమునకు ఇరువదేండ్ల జీతమును మూల్యముగా చెల్లించుట కంటె మించిన నామోషీ మేమెఱుగము. మాతృభాషను గూర్చి సభలలో ఉపన్యసించు మనము, మన యింటి తాకట్టు దగ్గఱ దానిని వాకిటనే విడిచి లోనికి పోవుచున్నాము. అడుగువారు లేనిచో హక్కు కాగితముమీదనే చచ్చును.

కావున మా చదువరులకు మేము చెప్పునది యింతే. మొదట, చేయింపదలచినది అవసరమో ఆడంబరమో భార్యాభర్తలు కూర్చుండి నిర్ణయించుకొనుడు. ఆడంబరమైనచో చేత రొక్కము కూడినప్పుడు గదికొకటిగా చేయించుకొనుడు. ఇల్లు ఎక్కడికిని పోదు. అప్పు తప్పనిచో, కొన్న వస్తువు మన్నుకాలమునకంటె గడువు ఎన్నడును ఎక్కువ కారాదు. ఫ్లోటింగ్ వడ్డీమీద గృహస్థులు చేసిన ఇంటి అప్పులను ముందుగా తీర్చినందుకు రుసుము తీసికొనుట 2012లోనే నిషేధింపబడినది గనుక, చేతికి వచ్చిన బోనసును క్రొత్త సోఫాకు కాక అసలునకు జమకట్టుడు. బీమా మంచిదే, కాని దాని సొమ్మును అప్పులోనే కలిపి దానికిని ఇరువదేండ్ల వడ్డీ కట్టించు నేర్పును కనిపెట్టుడు. అప్పగించిన మూల దస్తావేజుల జాబితాను సంతకముతో తీసికొని, ఇంటిలో ఇరువురికిని తెలిసిన చోట నుంచుడు. అప్పు తీరిన ముప్పది దినములలో బ్యాంకు వానిని తిరిగి యీయవలయుననియు, తన తప్పువలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల వంతున పరిహారము చెల్లింపవలయుననియు రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించినది.

చుట్టములు మెచ్చిన వంటయిల్లు ఒక సాయంకాలపు ముచ్చట. కిస్తు రెండువందల నలువది నెలల ముచ్చట. ఇంటికి శోభ దీపములవలన కొంత కలుగును. బాకీ లేని నిద్రవలన అంతకంటె ఎక్కువ కలుగును. ఏజెంటు కలము మూత తీసి చేతికిచ్చినప్పుడు, “పత్రము తెలుగులో తెచ్చి యిమ్ము, మూడు దినములలో చెప్పెదము” అని గృహిణియు గృహస్థుడును ఏకకంఠముగ పలుకుడు. చదివిన తరువాతను సరియని తోచినచో సంతకము చేయుడు. తోచనిచో కలము మూసి యిచ్చివేయుడు.